గుమ్మం బయట మూట

కళింగపట్నం
11 జనవరి 2022

భావనకి,

ఆశీస్సులు ఉన్నాయి, అవి చివర్లో. ముందు అడగాల్సింది అడుగుతాను.

నీకు ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యను. చేస్తే నువ్వు "వదినా, పాప ఏడుస్తోంది" అంటావు, వెనకాల పాప నిజంగానే ఏడుస్తుంది, నా కోపం అక్కడికక్కడే నీరుగారిపోతుంది. ఇది నీరుగారిపోవాల్సిన కోపం కాదు. అందుకే కాయితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. నువ్వూ రాసే పంపు.

నిన్న నా తమ్ముడు, నీ మొగుడు, క్రికెట్ స్కోరు చెప్పినంత తేలిగ్గా ఓ మాట చెప్పాడు. మీ ఇల్లు కరకట్టకి సముద్రం వైపు ఉందట. ఊరంతా కట్టకి లోపలట, మీ వీధి ఒక్కటే బయటట. "పెద్ద గాలులొస్తే కట్టలో ఉన్న ఇనుప గేటు మూసేస్తారక్కా, ముందే ఖాళీ చేయమని చెబుతారు, ప్లాన్ ఉంది" అన్నాడు. ఏటిరా ఆ ప్లాన్ అంటే, మీ ముగ్గురూ ఊళ్ళో హోటల్‌కట. అమ్మని మాత్రం స్కూలు జిమ్ము హాల్లో పెడతారట!

మొన్న సెప్టెంబర్ తుఫానుకి నేనూ మీ అన్నయ్యగారూ అమ్మని చెరో చెయ్యీ పట్టుకుని షెల్టర్‌కి నడిపించాం. ఆవిడ చాప పక్కనే నా చాప. నీ కాన్పుకి సాయం కావాలని మీరు బతిమాలితే, బీపీ మనిషిని డిసెంబరు చలిలో విమానం ఎక్కించాను. మీరు హోటల్లో దుప్పటి కప్పుకుంటే ఆవిడ జిమ్ములో కూర్చోడానికా పంపించాను?

నీళ్ళొస్తే మా అమ్మ ఎక్కడికి పోతుంది? ఈ ఒక్కదానికి జవాబు రాయి. మిగతా కబుర్లు నాకొద్దు.

మూట సంగతి ఆవిడకి తెలుసు, నువ్వు అడ్డం పడకు. పాత చీరలో కాయితాలు, మందులు, ఓ జత బట్టలు, అటుకులు, వేయించిన శనగపప్పు, టార్చి. నాలుగు కొసలూ పైకి తీసి ముడి. అది లోపల దాచుకునేది కాదు. హెచ్చరిక వచ్చిందంటే మా వీధిలో ప్రతి ఇంటి మూటా అరుగు మీదికి వస్తుంది. మూట బయట ఉంటే మనిషి లోపల ఉన్నట్టు, మనిషి కదిలితే మూటా కదులుతుంది. షెల్టర్ కుర్రాళ్ళు తలుపులు కొట్టరు, అరుగులే చూసుకుంటూ పోతారు. మూట కనబడిన ఇంట్లో మనిషిని తీసుకోకుండా కదలరు. మా నాయనమ్మ రోజుల నుంచీ ఇదే లెక్క.

పాపకి ముద్దులు. నీకు ఆశీస్సులు, కొంచెం తగ్గించి.

నీ వదిన,
సుభద్ర


బ్రేమర్‌హాఫెన్
16 జనవరి 2022

వదినగారికి నమస్కారాలు. అన్నయ్యగారికి కూడా, ఆయన నన్నేమీ అనలేదు కాబట్టి ఆయనకి రెండు.

పాప పుట్టి పట్టుమని పదిహేను రోజులు కూడా కాలేదు. కుట్లు ఇంకా లాగుతున్నాయి. ఒక చేత్తో పాపని పట్టుకుని రెండో చేత్తో మీ నిందలకి సంజాయిషీ రాస్తున్నాను. ఇలా ఎవరికైనా జరుగుతుందా?

కట్ట బయట ఇల్లు సరదాకి తీసుకున్నామనుకుంటున్నారా? కట్ట లోపల ఎన్ని ఇళ్ళకి అప్లై చేశామో! చివర మా పేరు చూడగానే జవాబే రాదు. ఒకావిడ ఇల్లు చూడ్డానికి టెర్మిన్, అంటే రమ్మని టైము, ఇచ్చి, గుమ్మంలో మా మొహాలు చూసి, "ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేశాం" అంది. మాకు మిగిలింది ఇదే, సముద్రం భయంతో ఇంకెవరూ తీసుకోని వీధి. మేం రెండో అంతస్తులో ఉంటాం, నీళ్ళు అంతదాకా రావు. కానీ కరెంటు పోతుంది, దారి మూసుకుపోతుంది. పసిపిల్లతో అలా చిక్కుకోకూడదనే ఖాళీ చేద్దామనుకున్నాం.

ఇక హోటల్. వదినా, అత్తయ్యగారిని వద్దన్నది నేను కాదు. ఇక్కడ టీకా వేయించుకున్నవాళ్ళనీ, జబ్బు వచ్చి తగ్గినవాళ్ళనీ మాత్రమే హోటల్లోకి రానిస్తారు. ఆవిడ కోవాక్సిన్ రెండు డోసులూ వేయించుకున్నారు, సర్టిఫికెట్ మీద దేశం ముద్ర కూడా ఉంది. ఈ దేశం లెక్కలో ఆ టీకా లేదు. అంటే ఆవిడ ఇక్కడ టీకా వేయించుకోని మనిషి! కాఫీ షాపు గుమ్మంలో ఒక కుర్రది ఆ కాయితాన్ని అటూ ఇటూ తిప్పి, తల అడ్డంగా ఊపింది. ఆవిడ దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, "పద, ఇంటికెళ్ళి తాగుదాం" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడి టీకా వేయిద్దామంటే డాక్టర్ ఆవిడ బీపీ చూసి మార్చి దాకా ఆగమంది.

జిమ్ముకి అమ్మతో పాటు తనూ వెళతానన్నాడు హర్ష. ఆ సగం మీకు చెప్పలేదా? తను ఎప్పుడూ ఇంతే, సగం చెప్పి ఫోన్ పెట్టేస్తాడు.

కట్ట బయట ఇల్లని తెలిసిన రోజే, మీరు రాయకముందే, అత్తయ్యగారు మూట కట్టారు. హెచ్చరిక కోసం ఆగకుండా మెట్ల దగ్గర మా గుమ్మం బయట పెట్టారు కూడా. వారం తిరక్కుండానే కింద గ్రౌండ్ ఫ్లోర్ ఫ్రౌ హార్మ్స్, అంటే హార్మ్స్ గారు, ఇల్లు చూసుకునే కంపెనీకి ఫిర్యాదు రాసింది. మంటలొస్తే పారిపోయే దారిలో వస్తువులు పెట్టకూడదట. పారిపోవడానికి కట్టిన మూట పారిపోయే దారికి అడ్డమట! ఇంగువ వాసన గురించి ఒక లైను అదనం. ముసలావిడ, చెవులు సరిగా వినబడవు, ముక్కు మాత్రం బాగా పనిచేస్తుంది.

మీ మరదలు,
భావన


కళింగపట్నం
25 జనవరి 2022

భావనకి,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చదివి వినిపించాను. ఆయన "పాపం, పచ్చి బాలింత" అన్నారు. ఆయనకి ఆడపిల్లలు ఏం చెప్పినా పాపమే.

టీకా సంగతి చదివి రెండు రోజులు నా పాఠం నాకే వినబడలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు అడిగారు, "టీచర్, ఎవర్ని తిడుతున్నారు?" అని. ఎండలో క్యూ కట్టి అమ్మకి ఆ టీకా వేయించింది నేను. అది సూది కాదా? ఆవిడ చెయ్యి వాచిపోలేదా? రెండు రోజులు జ్వరం కాయలేదా? ఆ జ్వరం ఏ దేశం లెక్కలోకి వస్తుందో కనుక్కో.

సరే, అది నీ తప్పు కాదు. ఒప్పుకున్నాను. కానీ మూట సంగతేటి? నిన్న అమ్మతో మాట్లాడాను. మూట ఎక్కడుందమ్మా అంటే, "ఇక్కడ బయట పెడితే బాగోదటే, భావన మొహం చిన్నబోతోంది" అంది. ఆ గొంతు నాకు తెలుసు. అడిగితే చెప్పదు, మింగుతుంది. అది ఏ చీరో తెలుసా నీకు? హర్ష బారసాలకి కట్టుకున్న ఎర్ర నేతచీర. చిరుగులు పడితే మూటగుడ్డ చేసింది. ఎన్ని తుఫాన్లు చూసిందో ఆ గుడ్డ. దాన్ని చూసి నీకు నామోషీ వేసిందా? తెల్లవాళ్ళ మెట్ల మీద పాతచీర మూట ఉంటే మీ పరువు పోతుందా?

ఆ హార్మ్స్ ఎవరో నాకు ఫోన్లో దొరికితే బాగుణ్ణు. నాకు జర్మన్ రాదు, ఆవిడకి చెవులు వినబడవు, అయినా సరే నాలుగు దులిపేదాన్ని.

మళ్ళీ అడుగుతున్నాను. మొన్నటి నీ ఉత్తరంలో కాఫీ షాపు ఉంది, ఇంగువ ఉంది, జవాబు మాత్రం లేదు. జిమ్ము అన్నావు, హర్ష వెళతాడన్నావు. హర్ష ఊళ్ళో లేకపోతే? మా అమ్మ ఎక్కడికి పోతుంది?

పాప మెడ నిలబెడుతోందా అని అడగను, ఇంకా టైముందని తెలుసు. తలకి నూనె రాయడం మానకు.

సుభద్ర


బ్రేమర్‌హాఫెన్
6 ఫిబ్రవరి 2022

వదినా,

"గారు" తీసేశాను, గమనించండి. నామోషీ అన్నారు కదా, అందుకు.

అత్తయ్య చీర చూసి నేను నామోషీ పడ్డానా? నా మొహం చిన్నబోయింది నిజమే. కంపెనీ నుంచి రెండో నోటీసు వచ్చింది. మూడోది వస్తే ఇల్లు ఖాళీ చేయమనే హక్కు వాళ్ళకుందని మా ఊళ్ళో ఉన్న ఇంకో తెలుగమ్మాయి, హైదరాబాద్ నసీమ్, చెప్పింది. పసిపిల్లని చంకనేసుకుని మళ్ళీ ఏ గుమ్మం ముందు నిలబడను? అందుకని మూటని నేనే లోపలికి తెచ్చాను. "అత్తయ్యా, ఇక్కడ అందరికీ సైరన్లున్నాయి, ఫైర్ వాళ్ళున్నారు, మూట చూసి ఎవరూ రారు" అని కొంచెం గట్టిగానే అన్నాను. అన్నానని ఒప్పుకుంటున్నాను.

అప్పట్నుంచీ ఆవిడ మూటని మంచం పక్కన పెట్టుకుని, రోజుకోసారి ముడి విప్పి మళ్ళీ కడుతున్నారు. నాతో మాట్లాడుతున్నారు, కానీ పాప ద్వారా. "మీ అమ్మని అన్నం తినమని చెప్పవే" అంటారు. మీ ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఇది వరుసా, నేరుగా మాట్లాడకపోవడం?

ఇంకో సంగతి వినండి. ఆవిడకి ఇప్పుడు కింది ఫ్రౌ హార్మ్స్ బెంగ పట్టుకుంది! "ఆవిడకి మూట ఉందా, కనుక్కో" అని నా ప్రాణం తీశారు. మన మీద ఫిర్యాదు రాసిన మనిషండీ అంటే, "రాస్తే రాసింది, ఇల్లు కింద ఉంది కదా, నీళ్ళు ముందు ఆవిడకే కదా వచ్చేది" అంటారు. తప్పక వెళ్ళి గట్టిగా అరిచి అడిగాను. తాను ఈ వీధిలోనే పుట్టిందట, నీళ్ళు మెట్టు దాకా వచ్చి పోతాయట, ఖాళీ చేయడం కొత్తవాళ్ళ భయమట. తలుపేసుకుంది. కాలు కుంటుతోంది పాపం, తుంటి ఆపరేషన్ కావాలట. కొడుకు మ్యూనిక్‌లో ఉంటాడు. తలుపు తట్టేవాళ్ళెవరూ లేరు. "ఆవిడ కర్టెన్ పొద్దెక్కినా తియ్యలేదు" అని అత్తయ్య కిటికీలోంచి కాపలా.

హర్ష ఆఫీసు పని మీద వచ్చే వారం నుంచి రెండు వారాలు, దూరాన ఉన్న బ్యోబ్లింగెన్ ఊళ్ళో ఉండాలి. మీ ప్రశ్నకి అందుకే ఇప్పుడు నేరుగా జవాబు రాస్తున్నాను. హర్ష లేకపోతే హోటలూ వద్దు, జిమ్మూ వద్దు. నసీమ్ ఇల్లు కట్టకి లోపల ఉంది, కారుంది, కబురు పెడితే వచ్చేస్తానంది. అత్తయ్య కాయితం చూపించమని నసీమ్ అడగదు. నేను కదిలితే అత్తయ్య నాతోనే కదులుతారు. ఇది నా మాట.

ఇప్పుడైనా రాత్రి నిద్రపోండి.

భావన


కళింగపట్నం
19 ఫిబ్రవరి 2022

భావనా,

పొద్దున్నే టీవీలో మీ దేశం తుఫాను చూపించారు. ఇంతలో ఫ్యామిలీ గ్రూపులో నీ నంబరు నుంచి ఫొటో, కింద ఆ నసీమ్ పేరు. "అంతా సేఫ్" అని. సోఫాలో నువ్వు, నీ ఒళ్ళో పాప, చేతిలో టీ కప్పు.

మా అమ్మ ఏది?

ఫొటో పెద్దది చేసి చూశాను. వెనక గది తలుపు సందులో కూడా చూశాను. లేదు. అమ్మ ఫోన్ పలకట్లేదు. హర్ష "అమ్మ బాగానే ఉందక్కా, రైళ్ళు లేక నేను ఇక్కడే చిక్కుకుపోయాను, మళ్ళీ చేస్తా" అని పెట్టేశాడు. బాగానే ఉంటే నీ పక్కన ఎందుకు లేదు?

నువ్వు కదిలితే ఆవిడ నీతో కదులుతుందని రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. నువ్వు కదిలావు. టీ కూడా తాగుతున్నావు. మాట ఇచ్చేటప్పుడు నీ నోరు ఏమైందే? మా అమ్మ మూటని లోపల పడేశావు, ఇప్పుడు మా అమ్మని కూడా లోపల వదిలేసి వచ్చావు. పరాయి పిల్లవని నేనెప్పుడూ అనుకోలేదు. ఈరోజు అనుకున్నాను.

ఆశీస్సులు రాయబుద్ధి కావట్లేదు. పాపకి మాత్రం.

సుభద్ర


బ్రేమర్‌హాఫెన్
21 ఫిబ్రవరి 2022

వదినా,

అత్తయ్య నా పక్కనే కూర్చుని పాప కాళ్ళకి నూనె రాస్తున్నారు. ఇది మొదటి లైనులోనే రాయాలనుకున్నాను, మీ గుండె ఆగకూడదని. ఆవిడ ఫోన్ నీళ్ళలో పడింది. నిన్న హర్ష తిరిగొచ్చాక, తన ఫోన్లో ఆవిడే మీతో మాట్లాడారు కాబట్టి ఇది మీకు తెలుసు. కానీ ఏం జరిగిందో ఆవిడ చెప్పరు, "ఏముందే, కాళ్ళు తడిశాయి" అంటారు. కాబట్టి నేనే చెబుతాను, నన్ను పరాయి పిల్లని అన్నందుకు చివరి అక్షరం దాకా చదవండి.

శుక్రవారం మధ్యాహ్నం మైకు పెట్టుకుని బండి వచ్చింది. గేటు మూసేస్తున్నాం, వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళండి, ఉండేవాళ్ళు పై అంతస్తుల్లో ఉండండి అని. కింద ఇళ్ళవాళ్ళు అప్పటికే బంధువుల ఇళ్ళకి వెళ్ళిపోయారని ఆ బండివాళ్ళు అనుకున్నారు. నసీమ్ కారు తెచ్చి హారన్ కొడుతోంది. పాపని నేను ఎత్తుకున్నాను, మూట అత్తయ్య ఎత్తుకున్నారు. గాలికి తలుపు తియ్యడమే కష్టంగా ఉంది. మెట్లు దిగి ఫ్రౌ హార్మ్స్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య ఆగిపోయారు.

"ఈవిడ లోపలే ఉంది."

బెల్లు కొట్టాను. పలుకు లేదు. కొడుకు వచ్చి తీసుకెళ్ళి ఉంటాడు అన్నాను. "ఎవరూ రాలేదు. నేను పొద్దున్నుంచీ కిటికీలోనే ఉన్నాను" అన్నారు. ఫైర్ వాళ్ళు చూసుకుంటారు రండి అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, చాలా రోజుల తర్వాత నాతో నేరుగా మాట్లాడారు. "దేన్ని చూసి వస్తారే? ఈ గుమ్మం ముందు ఏముంది?"

కొంగు పట్టుకుని లాగాను వదినా. పసిపిల్లని చంకలో పెట్టుకుని, పచ్చి కుట్లతో, మీ అమ్మ కొంగు పట్టుకుని మెట్ల మీద లాగాను. విడిపించుకున్నారు. "నువ్వు పాపని కట్ట దాటించు. నేను ఈవిడని లేపుకుని వస్తాను" అన్నారు. నసీమ్ మమ్మల్ని దింపి వెంటనే తిరిగి వస్తానంది. మేం గేటు దాటాం. నసీమ్ వెనక్కి తిరిగేలోపే గేటు మూసేశారు. ఎంత అరిచినా తియ్యలేదు. తీస్తే ఊరి మీదికి నీళ్ళొస్తాయన్నారు, అది కూడా నిజమే. గేటు దగ్గరున్న మనిషి కాలర్ పట్టుకున్నంత పని చేశాను. "మా అత్తగారు లోపల ఉన్నారు, రెండో అంతస్తు, రెండో అంతస్తు" అని జర్మన్లో, ఇంగ్లీషులో, ఆఖరికి తెలుగులో కూడా అరిచాను. వాడు వైర్‌లెస్‌లో చెప్పాడు.

నేను చెప్పింది తప్పు వదినా. అత్తయ్య రెండో అంతస్తులో లేరు. మన ఇంటి తాళం చెవి ఆవిడ బొడ్లో ఉంది. దాంతో ఫ్రౌ హార్మ్స్ కిటికీ అద్దం మీద కొట్టీ కొట్టీ, ఆవిడకి కనబడి, తలుపు తీయించుకుని లోపలికి వెళ్ళారు. పాపం ఆ ముసలావిడ మంచం మీంచి లేచేటప్పుడు పడి, తుంటి పట్టేసి, తలుపు దాకా పాక్కుంటూ వచ్చిందట. ఇద్దరూ పెద్దవాళ్ళు, ఒకరిని ఒకరు మెట్లెక్కించలేరు. లోపలికి వెళ్ళే ముందు అత్తయ్య ఒకే పని చేశారు. మూటని ఆ గుమ్మం బయట పెట్టారు.

ఫైర్ వాళ్ళు పడవలో వచ్చి, నేను చెప్పినట్టే నేరుగా రెండో అంతస్తుకి ఎక్కారు. మా తలుపు కొట్టారు. ఎవరూ లేరు. దిగి వెళ్ళిపోతున్నారు. అప్పటికే నీళ్ళు వాకిలి మెట్టు దాటి లోపలికి వస్తున్నాయి, పడవ మోటారు చప్పుడు, గాలి చప్పుడు, లోపల ఆడవాళ్ళ అరుపు ఎవరికి వినబడుతుంది? ఒకతని కాలికి ఎర్ర మూట తగిలింది. మెట్ల దారిలో ఒక్క చెప్పు కూడా ఉండకూడని ఇంట్లో ఇదేమిటని టార్చి వేసి, తలుపు నెట్టి చూశాడట. అత్తయ్య చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, ఫ్రౌ హార్మ్స్ కాళ్ళు మంచం మీదికి ఎత్తి పెట్టి పట్టుకుని ఉన్నారు. ఇద్దర్నీ మోసుకుని మా ఇంట్లోకే ఎక్కించారు.

ఆ సమయానికి నా చేతిలో ఉన్నది నసీమ్ బలవంతంగా పెట్టిన టీ కప్పు. ఫొటో తను నా ఫోన్లోంచి ఎందుకు పెట్టిందంటే, పాప క్షేమమని మీరు కంగారు పడకూడదని. ఆ టీ నేను తాగలేదు. నేను తాగానని మీరెలా రాశారు?

పొద్దున గేటు తీశాక పరిగెత్తాను. నా మంచం మీద ఫ్రౌ హార్మ్స్, నా కుర్చీలో అత్తయ్య, మధ్యలో పెరుగన్నం గిన్నె. అటుకులు అయిపోయాయి.

ఆవిడ ఇల్లంతా బురద. కొడుకు మ్యూనిక్ నుంచి ఫోన్ చేసి ఇద్దరికీ హోటల్లో గది మాట్లాడాడు. తోడుగా అత్తయ్యనీ రమ్మన్నాడు. కౌంటర్లో మళ్ళీ అదే కాయితం, అదే తల ఊపడం. ఈ టీకా చెల్లదు! అప్పుడు ఫ్రౌ హార్మ్స్ కర్రతో ఆ కౌంటర్ మీద కొట్టి అరిచింది చూడండి, ఆ జర్మన్ సగం నాకే తెలియదు. ఆవిడని రానివ్వకపోతే నేనూ రాను అని వెనక్కి తిరిగింది. ఇప్పుడు మా హాల్లో ఉంది. ఇంగువ వాసన గురించి పూటపూటా అంటూనే ఉంది, ఆ చారే రెండోసారి వేయించుకుంటోంది.

ఈరోజు పొద్దున ఇల్లు చూసుకునే కంపెనీ మూడో నోటీసు అంటించి పోయింది. తడిసిన ఎర్ర మూట ఫొటోతో సహా. మెట్ల దారిలో వస్తువు వదిలినందుకు. మా గుమ్మం ముందు కూడా కాదు, అయినా మా పేరు మీదే. ఒళ్ళు కాదు వదినా, ఇల్లంతా మండిపోతోంది నాకు.

పరాయి పిల్ల,
భావన


కళింగపట్నం
2 మార్చి 2022

భావనా,

కింద సంతకం మార్చి మళ్ళీ పంపు. అలా సంతకం చేసిన ఉత్తరం నేను దాచుకోను.

నేను రాసింది రాశాను. వెనక్కి తీసుకుంటున్నానని రాస్తే నువ్వు నవ్వుతావు. మీ అన్నయ్యగారు నీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నువ్వు ఆ పిల్లకి ఫోన్ చెయ్యి" అన్నారు. చేస్తే ఏడుస్తాను, పిల్లలకి పరీక్షలు దగ్గర పడుతున్నాయి, తర్వాత చేస్తాను.

కొంగు పట్టుకుని లాగావు చూడు, ఆ ముక్క మూడుసార్లు చదివాను. నేనైనా లాగలేకపోయేదాన్ని. ఆవిడ ఒకసారి నిలబడిందంటే కదలదు.

ఇప్పుడు నోటీసు సంగతి. ఆ మూట ఫొటో నాకు పంపు. పెద్దది చేయించి మా తుఫాను షెల్టర్ గోడకి తగిలిస్తాను, కింద ఆ కంపెనీ పేరు కూడా రాయిస్తాను. వస్తువట! మనిషి ప్రాణం కట్టిన ముడిని వస్తువంటారా? ఇల్లు ఖాళీ చేయమంటే నాకు చెప్పు, నేను వచ్చి ఆ మెట్ల మీదే కూర్చుంటాను. నాకూ అదే టీకా వేశారు, నేనూ చెల్లని మనిషినే, చెల్లనివాళ్ళందరం కలిసి కూర్చుంటాం.

ఎనిమిదో తారీకు విమానానికి అమ్మని జాగ్రత్తగా ఎక్కించు. ఆ చీర మూట అక్కడే వదిలేసి వస్తానంటోంది. నీ కోసమట. ఇప్పుడు నీ ఇష్టం, లోపల పెట్టుకో, బయట పెట్టుకో.

ఆశీస్సులు. ఈసారి పూర్తిగా.

నీ వదిన,
సుభద్ర


బ్రేమర్‌హాఫెన్
14 మార్చి 2022

వదినా,

మొన్న ఫోన్లో మనిద్దరం ఏడుపు తప్ప ఏమీ మాట్లాడలేదు, హర్ష నవ్వుతూనే ఉన్నాడు. చెప్పాల్సింది మిగిలిపోయింది కాబట్టి రాస్తున్నాను. అత్తయ్య మీ దగ్గరికి వచ్చి వారం కావస్తోంది, ఇప్పుడు ఆవిడ నా మీద మీకు చాడీలు చెబుతూ ఉంటారు. వినండి, నమ్మకండి.

ఎయిర్‌పోర్ట్‌కి బయలుదేరేటప్పుడు ఫ్రౌ హార్మ్స్ మెట్ల దాకా వచ్చింది. ఇద్దరికీ భాష లేదు. అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని "కర్టెన్ పొద్దున్నే తియ్యి" అన్నారు, తెలుగులోనే. ఆవిడ తల ఊపింది.

ఇల్లు చూసుకునే కంపెనీకి నేను జవాబు రాశాను. మర్యాదగా మొదలుపెట్టాను, రెండో పేరాకే మీ గొంతు వచ్చేసింది. ఇంకా ఏ కబురూ లేదు. అయినా భయపడి, అత్తయ్య వెళుతూ గుమ్మం బయట పెట్టిన ఎర్ర మూటని ఆ రోజే మళ్ళీ లోపలికి తెచ్చేశాను. నన్ను తిట్టండి, పసిపిల్లతో ఉన్నాను.

మూడో రోజు పొద్దున చెత్త పారేయడానికి కిందికి దిగాను. ఫ్రౌ హార్మ్స్ ఈ మధ్యే తన ఇంట్లోకి తిరిగి వెళ్ళిపోయింది, గోడలకి ఇంకా చెమ్మే. ఆవిడ గుమ్మం బయట ఒక మూట. నీలం గళ్ళ టేబుల్ గుడ్డ. నాలుగు కొసలూ పైకి తీసి ముడి. ముడి ఎవరు నేర్పారో మీకు చెప్పక్కర్లేదు.

దాని మీద అప్పటికే కంపెనీ వాళ్ళ పసుపు చీటీ అంటించి ఉంది, ఈ వస్తువు వెంటనే తొలగించవలెను అని. దాని కిందే ఫ్రౌ హార్మ్స్ పెద్ద పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క రాసి పెట్టింది. "నేను లోపలే ఉన్నాను."

చెత్త సంచీ అక్కడే పెట్టేసి పైకి వచ్చాను. మన మూట తెచ్చి గుమ్మం బయట పెట్టాను. చీటీ రాలేదింకా. వస్తే నేనూ అదే రాస్తాను.

మీ మరదలు,
భావన